సుల్తాను అడిగిన పద్యం

అమ్మా,

నీ చేతులు కళ్ళకద్దుకుని నీ కొడుకు షీర్జాద్ రాస్తున్న ఉత్తరం. నేను కులాసా. నువ్వూ చెల్లీ కులాసాగా ఉన్నారని గజ్నీకి వచ్చిన వర్తకుడు చెప్పాక మనసు కుదుటపడింది. ఎండు ఖుబానీ పళ్ళు అందాయి. "రాజుగారింట తింటూ చిక్కిపోయావట, ఏం పెడుతున్నారు?" అని అడిగావు. పెడుతూనే ఉన్నారమ్మా, కూర్చుని తినే తీరికే లేదు.

నాన్న సమాధి రాయి సిద్ధమైందనీ, ఆయన పోయినప్పుడు నేను రాసిన పద్యం పంపితే చెక్కిస్తాననీ రాశావు. ఆ సంగతికే వస్తున్నా, కాస్త ఓపిక పట్టు.

మొన్న సుల్తానుకి జబ్బు ముదిరింది. ఇక్కడో ఆనవాయితీ ఉంది. రాజు పోతే ఆ పూటే కవి ఒకే పద్యంలో పోయినవాడి కోసం ఏడవాలి, గద్దెనెక్కినవాడికి జేజేలు కొట్టాలి. అప్పటికప్పుడు ఎవరికొస్తుంది? అందుకని కవులందరం ముందే రాసి అంగీ చేతుల్లో దాచుకున్నాం. అది సుల్తాను చెవిన పడి, మమ్మల్ని మంచం దగ్గరికి పిలిపించాడు.

"నా చావు పద్యాలు తయారట కదా. చదవండి, నేనూ వింటాను."

"అపచారం ప్రభూ, తమరు నిండు నూరేళ్ళు..." అంటూ పెద్దకవి బుర్హాన్ గారు మొదలెట్టారు.

"ఊరుకోవయ్యా, నీ అంగీ చెయ్యి ఉబ్బి కనబడుతూనే ఉంది," అని సుల్తాను నా వంక తిరిగాడు. "నువ్వు చదువు."

ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చదివాను. సగంలో ఆపమన్నాడు.

"నా చెయ్యి తడి ఉన్ని వాసన ఎప్పుడు వేసిందయ్యా? ఇది ఎవరి కోసం రాశావు?"

అమ్మా, అది నాన్న పద్యమే. సుల్తాను కోసం ఎంతసేపు కూర్చున్నా ఒక్క పాదం రాలేదు. అద్దకం తొట్టిని యుద్ధభూమి చేశాను, నాన్న నీలి చేతులకి కత్తి ఇచ్చాను, ఉన్ని వాసన ముక్కొక్కటి మార్చడం మరిచాను. ఉన్నికి రంగులద్దే మా నాన్న కోసమని నిజం చెప్పేశాను. తల తీయిస్తాడనే అనుకున్నాను.

"నా కొడుకులు బయట గద్దె కోసం కొట్టుకుంటున్నారు. మీ నాన్న కోసం ఏడవడానికి నువ్వున్నావు. ఇది నాకు వదిలెయ్యవా?" అన్నాడు. ఆజ్ఞ కాదమ్మా, అడిగాడు. ఇచ్చేశాను.

సుల్తానుకి చెందిన పద్యం ఇంకో రాయి మీద కనబడితే మన ప్రాణాల మీదికొస్తుంది. నాన్న పేరొక్కటే చెక్కించు. నాన్న కోసం మరొకటి రాద్దామని కూర్చున్నాను గానీ, ఉన్న ఏడుపంతా అందులోనే పెట్టేశాను. నిన్ను అడగకుండా ఇచ్చినందుకు సిగ్గుగా ఉంది.

ఈ పొద్దున ఆయన పోయాడు. కొత్త రాజు ముందు నేనే చదివాను. చదువుతూ వెక్కి వెక్కి ఏడ్చాను. మొదట నాన్న కోసమే. తర్వాత ఆ ముసలాయన కోసం కూడా ఏడుపొచ్చిందమ్మా.

ఇట్లు,
నీ తిట్లకి సిద్ధంగా ఉన్న నీ పెద్దోడు,
షీర్జాద్