బావి పాలైన పేరు

కామారెడ్డి నుంచి, శుక్రవారం.

మా ఇమాం అన్నకు తమ్ముడు కాశీం సలాం చేసి రాస్తున్నాను. నా ఒంటికి ఏ రోగమూ లేదు, ఆ సంగతి అవ్వకు ముందే చెప్పు, లేకపోతే ఉత్తరం పూర్తయ్యేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటుంది. అక్కడ మీరంతా ఎట్లా ఉన్నారు? బాపు దగ్గు తగ్గిందా? పోయిన ఉత్తరంలో ఆయన సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు నువ్వు. దాస్తున్నావని నాకు తెలుసు.

నేను బాగానే ఉన్నాను. మాస్టర్ సాబ్ ఇంటి వసారాలోనే నా పడక. సర్కారీ బడి కొలువు మానుకున్నప్పటి నుంచి ఆయనకు ఒకటే ధ్యాస, ఈ తాలూకాల్లోని ముసల్మాను కుటుంబాలు ఎప్పుడు వచ్చాయి, ఏం పని చేశాయి అన్నది పాత కాగితాలు చూసి రాయాలని. ఆయన కళ్ళకు పొర కమ్మింది. అందుకని నేను చదివి వినిపించి, నకలు రాస్తాను. నవాబుల కాగితాలు ఎక్కడైనా దొరుకుతాయి, మనలాంటి దూదేకులోళ్లవి ఎవరు దాస్తారు అంటాడు ఆయన. చలి బాగా ఉంది. యుద్ధం వచ్చిన తర్వాత దీపానికి గ్యాస్ నూనె దొరకక పొద్దు గూకగానే పడుకుంటున్నాను. ఇక్కడి రొట్టె నోటికి పోదు. మన మద్నూరు నుంచి ఎవరన్నా ఇటు వస్తే వదిన చేసిన పుంటికూర పచ్చడి పంపండి. నేను మాత్రం బాగానే ఉన్నాను.

అన్నా, అసలు సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. ప్రతి షబేబరాత్ నాడు మన ఇంట్లో ఫాతెహా చదివేటప్పుడు ముల్లా చనిపోయిన పెద్దల పేర్లు అడుగుతాడు కదా. బాపు తన తండ్రి పేరు చెప్పి, తాత పేరు దగ్గర ఆగిపోతాడు. యెల్లారెడ్డి నుంచి వచ్చినాయన అని మాత్రం అంటాడు. నేను బయలుదేరిన రోజు బాపు నా చెయ్యి పట్టుకున్నాడు. "చదువొచ్చినోనివి బిడ్డా, మా తాత పేరేందో తెలుసుకో. నేను పొయ్యేలోపల ఒక్కసారన్న ఆయన పేరు మీద దువా అడుగుత" అన్నాడు. నువ్వు పక్కనే ఉన్నావు.

పోయిన వారం మాస్టర్ సాబ్ నన్ను యెల్లారెడ్డికి పంపాడు. అక్కడ దర్గాలో దీపం పెట్టే ముజావరు చనిపోయాడు, ఆయన భార్య ఒక్కతే ఉంది. మంచం కింద చెప్పుల పక్కన ఉన్న గుడ్డమూటను ముందుకు జరిపింది. అందులో ఉరుసుకు ఎవరెవరు ఏం తెచ్చారో రాసిన కాగితాలు ఉన్నాయి. ఒకదాని మీద దీపం వత్తులకు దూది ఇచ్చిన పింజారుల, అంటే మన దూదేకులోళ్ల, పేర్ల వరుస ఉంది. చివర ఒకతని గురించి, కరువులో ఊరు విడిచి మద్నూరు వైపు పోయాడని రాసి ఉంది. ఈయనే బాపు తాత అనుకున్నాను. పేరు మాత్రం పై మడతలో ఉంది. ఆ మడత చెమ్మకు అతుక్కుపోయింది.

అతుక్కున్న కాగితాన్ని లాగితే రాత ఊడి వస్తుంది, నీడలో ఆరబెట్టి మెల్లగా విప్పాలి. మాస్టర్ సాబ్ నాకు మొదట నేర్పిన పని అదే. అందుకని లాగలేదు. ఇంటి కాగితాలు పొరుగూళ్ళో ఉన్న కొడుకును అడగకుండా ఇవ్వనంది ఆమె. సరే, వచ్చే శుక్రవారం వస్తానన్నాను. అక్కడితో నోరు మూసుకుని రావలసింది. చదువుకున్న వాడిని కదా, గడపలో నిలబడి బుద్ధి చెప్పాను. ప్రతి కాగితం మీద అల్లా పేరుంది పెద్దమ్మా, చెప్పుల పక్కన పెట్టుకుంటారా, పాపం కాదా అన్నాను. ఆమె ముఖం తెల్లబోయింది. నాకు గొప్పగా అనిపించింది.

ఇవాళ పొద్దున పోతే ఆమె నవ్వుకుంటూ ఎదురొచ్చింది.

"నువ్వు చెప్పినంక నాకు నిద్ర పట్టలే బిడ్డా. ఇన్నేండ్లు కాళ్ళ కాడ పెట్టుకున్ననే అని ఏడ్చిన. మూటకు రాయి కట్టి, బిస్మిల్లా అని బాయిల విడిచిన. ఇప్పుడు పాణం నిమ్మళమైంది."

దేవుని పేరున్న పాత కాగితాలను మనమూ నీళ్ళలోనే కదా కలుపుతాము. ఆమె తప్పేముంది? బావిలోకి మనిషిని దింపి మూట తీయించాను. విప్పితే తడిసిన పిండి ముద్దలాగా ఉంది, ఒక్క అక్షరం లేదు. దాన్ని మళ్ళీ నీళ్ళలోనే వదిలాము. ఆమె భయపడి, తప్పు చేసిన్నా అని అడిగింది. "మంచిగ చేసినవ్ పెద్దమ్మా" అన్నాను. బస్సులో తిరిగి వస్తూ దారంతా ఏడ్చాను అన్నా.

మాస్టర్ సాబ్ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పుస్తకంలో యెల్లారెడ్డి పింజారుల పుట ఖాళీగా వదిలెయ్ అన్నాడు. ఇంకొక ఇంట్లో దొరకవచ్చు కదా అంటే, తల అడ్డంగా ఊపి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నాకు కూడా ఆశ లేదు.

ఈ ఉత్తరం మొదలుపెట్టే ముందు ఒక పాడుబుద్ధి పుట్టింది. హుసేన్ అనో, దస్తగిరి అనో ఏదో ఒక పేరు రాసేస్తే బాపు నమ్ముతాడు, సంతోషపడతాడు. రాసి చింపేశాను. ఎవరో తెలియని మనిషి పేరు మీద బాపు కళ్ళనీళ్ళు పెట్టుకుని దువా అడుగుతుంటే నేను ఆ ఇంట్లోకి ఎట్లా రాగలను?

బాపుకు దొరకలేదని మాత్రం చెప్పకు అన్నా. దొరికిందని, మడత విప్పడానికి ముందే నా నోటి దురుసు వల్ల పోయిందని చెప్పు. ఆయన తిడితే ఆ తిట్లు ఉన్నవి ఉన్నట్లు రాసి పంపు. ఏమీ అనకపోతే, అది కూడా రాయి.

అవ్వకు, వదినకు, ముల్లాగారికి నా సలాములు. పిల్లలకు ముద్దులు. నా కోసం దువా చేయమని అడిగే ముఖం లేదు, అయినా అడుగుతున్నాను.

నీ తమ్ముడు
కాశీం