పూతకు ముందే

ఆగస్టు 9

మురుగు కాలువ మూయించాను. జేసీబీ వాడు టీ తాగినంత సేపట్లో పని ముగించాడు. ఇంత చిన్న పనికి ఇంత తృప్తి ఉంటుందని తెలిస్తే ఎప్పుడో చేసేవాణ్ని.

నిన్న కడపలో రంగనాథ్‌కు శాలువా కప్పారు. వెనక బ్యానర్ మీద ‘చౌడును జయించిన రైతు’ అని రాశారు. రంగనాథ్ మా చిన్నాయన కొడుకు. కె.సి. కాలువ చివర నా పొలానికి ఎగువన వాడి పొలం ఉంది. ఒకప్పుడు అది తెల్లగా సున్నం కొట్టినట్టుండేది. మట్టి పరీక్ష చేసింది నేను. జిప్సం ఎంత వేయాలో చెప్పింది నేను. ఉప్పు నీళ్లు పోవడానికి మురుగు కాలువ తవ్వించమన్నది నేను. ఆ కాలువ వంకలో కలిసేది నా పొలం గుండానే. మిగతా మూడు వైపులా మెరక.

ఉప్పు నేలలో వరి ఎలా బతుకుతుంది, ఎలా చస్తుంది అని చూడటంలోనే రీసెర్చ్ స్టేషన్‌లో నా ఉద్యోగమంతా గడిచిపోయింది. వాడు స్టేజీ మీద తల్లికి, ఆఫీసర్లకు, చివరికి మైకు పెట్టినవాడికి కూడా థాంక్స్ చెప్పాడు. నా పేరు రాలేదు. నేను మూడో వరసలోనే కూర్చున్నాను.

జయించినవాడు మళ్లీ జయించుకోనీ.

ఆగస్టు 12

శత్రువు నేల మీద ఉప్పు చల్లించిన రాజుల గురించి చరిత్ర పుస్తకాల్లో చదివాను. మూర్ఖులు. చల్లడం దేనికి? ఉప్పు ఎక్కడైనా ఉంటుంది. అది బయటికి పోయే దారి మూస్తే చాలు.

ఆగస్టు 27

పై పొలంలో నాట్లు పడ్డాయి. రంగనాథ్ కడపలో ఉంటాడు, బురదలో కాలు పెట్టి ఏళ్లయింది. ఈ ఏడు ఏసుబాబుకు కౌలుకిచ్చాడట. కౌలు ముందే చేతికి తీసుకున్నాడట. ఏసుబాబు, భార్య మహిమ, తల్లి విశ్వాసమ్మ, ముగ్గురూ మడిలోనే ఉన్నారు. కె.సి. కాలువకు నీళ్లు రాలేదు. బోరు నీళ్లే పెడుతున్నారు. ఆ బోరు నీళ్లు నోట్లో పోసుకుంటే నాలుక చివర జివ్వుమంటుంది.

రెండు మళ్ల మధ్య గట్టు, ఆ గెనెం మీద నిలబడి చూస్తున్నాను. విశ్వాసమ్మ నాటు వరసలోంచి నడుమెత్తి, “ఏం సారూ, మా నడుములు ఎన్ని ఇరిగినాయో రాసుకుంటాండారా?” అని అరిచింది. ఆడవాళ్లంతా నవ్వారు. ఈమె ఒకప్పుడు స్టేషన్‌లో నా మళ్లలోనే నాట్లు వేసేది. అప్పుడూ ఇంతే నోరు.

ఇంటికొచ్చేశాను.

సెప్టెంబర్ 10

నారు తిప్పుకోలేదు. ఆకుల కొనలు తెల్లబడి చుట్టుకున్నాయి. అనుకున్నట్టే.

ఏసుబాబు జిప్సం చల్లుతున్నాడు. ఈ సీమలో చౌడుకు జిప్సం అంటే తలనొప్పికి మాత్ర లాంటిది. ఎందుకో అడగరు, వేసుకుంటారు. కింద ఉప్పు కదిలితే అది ఎటు పోవాలి? కాలువ మూసిన మడికి జిప్సం వేయడమంటే, విరేచనాల మందు మింగించి బయట గొళ్లెం పెట్టడమే.

చెప్పలేదు. నన్నెవరూ అడగలేదు.

సెప్టెంబర్ 13, ఉదయం ఆరు

మహిమ వచ్చింది. లోపలికి రమ్మన్నా గేటు దగ్గరే నిలబడింది. కాలువ తియ్యమంటుంది. కోత పండుగకు చర్చిలో మొదటి కంకుల కట్ట ఇస్తామని మొక్కుకున్నారట. ఇది నాకూ రంగనాథ్‌కూ మధ్య సంగతి అన్నాను. వాడు వచ్చి టీ కొట్టు దగ్గర నలుగురి ముందూ ఆ పొలం బాగుచేసింది ఎవరో చెబితే, ఆ నిమిషమే కాలువకు అడ్డం వేసిన మట్టికట్ట తీయిస్తానన్నాను.

“మీ ఇద్దరి మధ్యలో ఉండేది మా మడి గద సార్” అంది.

మాట బాగుంది. బాగున్న మాటలు నేను చాలా చదివాను.

అక్టోబర్ 4

పైరు తేరుకుంది. పిలకలు వేసింది. ఈ పైరు బతకదని టీ కొట్టు దగ్గర అన్నందుకు ఊరంతా నా వైపు చూసి నవ్వుతోంది. రంగనాథ్ ఫోన్ చేశాడు. “ఏందన్నా, సచ్చిపోతాదంటివంటనే! పచ్చగుండాది గదా! నీ సదువు ఎక్స్‌పైరీ అయిపాయనే!” అని పడీపడీ నవ్వాడు.

పచ్చగా ఉంది. ఈ పచ్చదనమే నా సబ్జెక్టు. వరికి ఉప్పు తగిలితే నారు వయసులో విలవిల్లాడుతుంది. పిలకల వయసులో తట్టుకుంటుంది. ఎలా తట్టుకుంటుంది? వేళ్లలోంచి ఎక్కిన ఉప్పును ముసలి ఆకుల్లోకి తోస్తుంది. అవి ఎండిపోతాయి, లేత ఆకు పచ్చగా ఉంటుంది. దూరం నుంచి చూసేవాడికి ఆ లేత ఆకే కనిపిస్తుంది. కానీ కంకి కట్టేటప్పటికి దాచుకునే చోటు నిండిపోతుంది. అప్పుడు ఉప్పు పూత మీద పడుతుంది. పుప్పొడి చచ్చిపోతుంది. చెట్టు మాత్రం బతికే ఉంటుంది.

వాడికి ఒకటే చెప్పాను. రావాలంటే పూతకు ముందే రా. ఆ తర్వాత వచ్చినా లాభం లేదు. “ఆదివారం వస్తాలే అన్నా, మాటేగా, చెప్పేస్తా” అన్నాడు.

అక్టోబర్ 8, ఆదివారం

రాలేదు.

అక్టోబర్ 15, ఆదివారం

రాలేదు. పై మడిలోకి దిగి ఒక కాడ చీల్చి చూశాను. లోపల కంకి, పసిపిల్ల కనుబొమ్మంత. ఉప్పు కొలిచే మీటర్ పెట్టి చూశాను. రీడింగ్ రాయను.

అక్టోబర్ 19

కె.సి. కాలువకు నీళ్లు వదిలారు. నాలుగు రోజులేనట. తియ్యటి నీళ్లు. మడి నిండా పెట్టి కింద మురుగు కాలువలోకి వదిలితే ఉప్పు కడుక్కుపోతుంది. ఇంకా టైముంది.

సాయంత్రం విశ్వాసమ్మ వచ్చింది. ఈమె గేటు దగ్గర ఆగలేదు. వరండాలోకి వచ్చి పుస్తకాల బీరువాలు చూస్తూ నిలబడింది. “శానా ఉండాయి సారూ బుక్కులు. ఆ కట్టకు మన్ను సాలకపోతే ఇవి గూడ ఏస్తిరేమో అనుకుంటి” అంది. మంచినీళ్లు ఇస్తే తాగకుండా వెళ్లిపోయింది.

పార తీసుకుని పొలానికి పోయాను. కట్ట మీద నాలుగు పోట్లు పొడిచాను కూడా. ఫోన్ మోగింది. రంగనాథ్. “అన్నా, రేపు పొద్దున్నే బయల్దేరుతాండా. మా అమ్మ మీద ఒట్టు. టీ కొట్టు కాడ పదిమందిని పిలిపించు” అన్నాడు.

ఇన్నాళ్లు ఆగినవాణ్ని ఒక్క రాత్రి కోసం ఓడిపోవడం ఎందుకు? పొడిచిన చోట మన్ను తొక్కి ఇంటికొచ్చాను.

అక్టోబర్ 20

పదిమందినీ పిలిచాను. టీలు నేనే చెప్పాను. ఫోన్ స్విచాఫ్.

అక్టోబర్ 24

నీళ్లు ఆగిపోయాయి.

నవంబర్ 6

కంకులు తెల్లగా, నిటారుగా నిలబడ్డాయి. గింజ పాలు పోసుకున్న కంకి తల వంచుతుంది. ఇవి వంచవు. ఒక గింజ నొక్కాను. ఊక.

నా లెక్క ఎక్కడా తప్పలేదు. ఈ లెక్క మీదే ఒకప్పుడు నేను రాసిన పేపర్‌ను స్టేషన్ కమిటీలో వెనక్కి పంపినవాళ్లలో ఇద్దరు ఇంకా బతికే ఉన్నారు. వాళ్లను పిలిచి చూపించాలనిపించింది.

నవంబర్ 12

రంగనాథ్ వచ్చాడు. కొత్త కారు. టీ కొట్టు ముందు నిలబడి అంతా చెప్పాడు. మట్టి పరీక్ష, జిప్సం, కాలువ ప్లాను, ఒక్కటీ వదల్లేదు. మా వీరభద్రన్న లేకపోతే ఆ పొలంలో జిల్లేడు గూడ మొల్సదు అన్నాడు. తనకు కప్పిన శాలువా తెచ్చి నాకు కప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. “నవ్వన్నా, ఫోటో సరిగా రాలా” అన్నాడు.

పంట తాలైపోయిందిరా అన్నాను. “ఆఁ, ఏసుబాబుది గదా, పాపం” అన్నాడు. కౌలు ముందే తీసుకున్నవాడికి వడ్లయితే ఏమి, ఊకయితే ఏమి.

నేను కోరింది అక్షరం తప్పకుండా జరిగింది.

ఏసుబాబు ఆ చప్పట్లలో లేడు. గెనెం మీద కూర్చుని ఉన్నాడు.

నవంబర్ 26

చర్చిలో కోత పండుగ. టీ కొట్టు ఓబన్న చెప్పాడు. అందరూ వడ్ల మూటలు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చారట. మహిమ రానంటే విశ్వాసమ్మ తాలు కంకుల కట్ట నెత్తిన పెట్టుకుని పోయిందట. పాస్టరు ఇదేందమ్మా అని అడిగితే, “మొక్కు మొక్కే గదయ్యా. ఇది దేవుడిచ్చింది గాదులే, సారు ఇచ్చింది. పైనుండే ఆయప్పను గూడ ఒకసారి సూసుకోనీ అని తెచ్చినా” అందట.

ఓబన్న ఇది నవ్వుతూనే చెప్పాడు. మధ్యలో నవ్వు ఆపేశాడు. టీ డబ్బులు తీసుకోకుండా పొమ్మన్నాడు.

డిసెంబర్ 2

ముగ్గురూ బేతంచెర్ల పోయారు, బండల పాలిష్ పనికి. పై పొలంలో ఎవరివో గొర్రెలు మేస్తున్నాయి. గడ్డి కదా, పచ్చిది. అవి తింటున్నాయి.

డిసెంబర్ 6

తుపాను వాన. కట్ట తీసేశాను. నీళ్లు బాగా పోతున్నాయి.