పద్మ మీ చీర కొంగు పట్టుకున్న రోజు

నర్సమ్మగారూ,

నిన్న మా పద్మ పదో తరగతి పాసైంది. మిఠాయి నా నోట్లో పెడుతూనే, "నందిగామ వెళ్ళి నర్సమ్మగారి ఇంట్లో చెప్పి వద్దామే అమ్మా" అంది. మీరు పోయి ఏడాదైనా మీ మీద నా కుళ్ళు పోలేదు.

పద్మకి మూడేళ్ళప్పుడు టీకాలు వేయడానికి మీరు చిల్లకల్లులో మా ఇంటికి వచ్చారు. దాని మెడ మీద గడ్డలు తడిమి చూసి, "ఇంట్లో ఎవరికన్నా దగ్గుందామ్మా?" అని అడిగారు. దగ్గేది నేనే. నా క్షయే దానికి అంటిందని పరీక్షల్లో తేలింది. నన్ను బెజవాడ ఆస్పత్రిలో చేర్చారు. పద్మ మా అత్తగారి దగ్గర ఉంటే, మీరు రోజూ వచ్చి సూది వేసి, మందు మింగించారు. ఆరు నెలలకి నేను తిరిగొచ్చి చేతులు చాస్తే, అది మీ చీర కొంగు పట్టుకుని వెనక దాక్కుంది. బిడ్డను బతికించిన మనిషిని ఆ రోజు కూర్చోమని కూడా అనలేదు నేను.

ఇవాళ నందిగామ వెళితే, మీ అమ్మగారు పద్మ తల నిమిరి, "నువ్వేనటే? మా అమ్మాయి నీ మీద తెగ ఉడుక్కునేది" అన్నారు.

"ఎందుకండీ?" అన్నాను.

"ఎంత ముద్దుచేసి మందు పోసినా, మింగి 'మా అమ్మ ఎప్పుడొస్తది?' అని అడిగేదంటమ్మా."

తిరుగు బస్సులో పద్మ దారంతా మీ గురించే మాట్లాడింది. ఈసారి నేను మాట మార్చలేదు.

పద్మ తల్లి