పెద్దోడు, చిన్నోడు, మధ్యలో కత్తెర

మావయ్యకి నమస్కారాలు,

ల్యాబులో ఏం చేస్తున్నావని అడిగావుగా. నెత్తుటి కణాలను "పెరగండి" అని పురమాయించే పదార్థాలు ఉంటాయి, పెరుగుదల కారకాలంటాం. కంటికి కనపడవు. కణం మీద గ్రాహకాలనే పీటలుంటాయి. వాటి మీద కూర్చుంటేనే ఆ మాట లోపలికి చేరుతుంది. అలాంటి రెండింటితో నా పని. పేర్లు నోరు తిరగవు, పెద్దోడు, చిన్నోడు అనుకో.

(రెండో కాగితం) ఎవరి పీట వాళ్ళకుంది. అయినా పెద్దోడు కూర్చుంటే చిన్నోడు తన పీట మీంచి జారిపోతున్నాడు. ఎందుకో నెలలోగా తేల్చకపోతే ఈ పని వదిలేయమన్నారు మా ప్రొఫెసర్. మూడేళ్ళ కష్టం మావయ్యా, ఏడుపొస్తోంది.

నీ మేనకోడలు

తా.క. అత్తయ్య కుట్టిన కోటు చూసి ఇక్కడందరూ కుళ్ళుకుంటున్నారు.

*

బంగారుతల్లికి మావయ్య దీవెనలు.

నీ మొదటి కాగితాన్ని నేను చదివేలోపే మీ అత్తయ్య కాలర్ నమూనాకి కత్తిరించేసింది. రెండోదే చదివాను. ఆ పెద్దోడికి బుద్ధి లేదా? చిన్నవాణ్ణి తోసేస్తుంటే మీ ప్రొఫెసర్ చూస్తూ కూర్చున్నాడా?

మా కుట్టుకొట్టు సంగతే చూడు. ఎవరి మిషను వాళ్ళదే. అయినా ఒక్క కత్తెర ఉన్నన్నాళ్ళూ రోజూ రణమే. అది మీ అత్తయ్య చేతిలో ఉంటే నేను గుండీలు లెక్కపెట్టుకునేవాణ్ణి. రెండోది కొన్నాకే కొట్టు చల్లబడింది. వాళ్ళిద్దరి మధ్యా అలాంటి ఉమ్మడి వస్తువేదో ఉంటుంది, వెతుకు.

మీ మావయ్య

తా.క. ఆ రెండో కత్తెర పార్శిలు చేశాను. చిన్నోడికివ్వు. అత్తయ్యకి చెప్పలేదు.

*

మావయ్యా, నమస్కారాలు.

వాళ్ళు మనుషులు కారు! నెత్తుట్లో ఉండే పదార్థాలు!

వాళ్ళకి చేతులే లేవు, కత్తెరేం చేసుకుంటారు? దాంతో పెట్టెల టేపు కోసుకుంటున్నాను. కానీ నీ మాట బుర్రలోంచి పోలేదు. వెతికితే నిజంగానే ఉంది! కుదురుగా కూర్చోవాలంటే పీట పక్కన ఓ ఆసరా కావాలి. అది ఇద్దరికీ ఉమ్మడి, పైగా చాలా తక్కువ. పెద్దోడు ముందే పట్టేసుకుంటున్నాడు. ఆసరాలు ఎక్కువుండే కణాలు తయారుచేసి చూస్తాను. పది రోజులే గడువు, భయంగా ఉంది.

నీ మేనకోడలు

తా.క. ఈసారి ఒకే కాగితం మీద రాశాను. అత్తయ్యకి అందకుండా చదువు.

*

తల్లీ, దీవెనలు.

అందేసింది. పైభాగం జేబు నమూనాకి పోయింది. "చేతులే లేవు" దగ్గర్నుంచి చదివాను. అయ్యో, ముందే చెప్పొద్దూ? తిట్టినందుకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ ఆసరాలేవో గట్టివి పెట్టించు. భయపడకు, నీ చేతిలో పని ఉంది.

మీ మావయ్య

తా.క. అత్తయ్య వాళ్ళ కోసం చేతుల్లేని చొక్కాలు రెండు కుట్టింది. పంపుతున్నాం.

*

మావయ్యా,

గెలిచాం! ఆసరాలు పెరగ్గానే ఇద్దరూ ఎవరి పీట మీద వాళ్ళు బుద్ధిగా కూర్చున్నారు. ఈ ఆలోచన ఎవరిదన్నారు ప్రొఫెసర్. "మా మావయ్యది, దర్జీ" అన్నాను. తర్వాత పని కొనసాగించమన్నారు. తలుపేసుకుని హాయిగా ఏడ్చాను. కత్తెర రేపు పంపుతాను.

నీ మేనకోడలు

తా.క. ఒక చొక్కా ప్రొఫెసర్‌కి సరిగ్గా సరిపోయింది.

*

తల్లీ,

నీ గెలుపు వీధంతా చాటాను. కత్తెర వెంటనే పంపు. ఉన్న ఒక్కటీ అత్తయ్య వదలడం లేదు. నిన్న ప్యాంటు కోసం వచ్చినాయనకి ఒక కాలే కుట్టి చూపించాను.

గుండీలు లెక్కపెడుతున్న మీ మావయ్య

తా.క. ఇది అత్తయ్య రాత. అమ్మాయ్, నీ ఉత్తరాలు కత్తిరించే ముందు పూర్తిగా చదివాను. వాళ్ళు మనుషులు కారని నాకు మొదట్నుంచీ తెలుసు, చొక్కాలు మీ మావయ్య మురుస్తాడని కుట్టాను. కత్తెర మాత్రం పంపకు. ఉమ్మడి ఆసరా ఇప్పుడు నా చేతిలో ఉంది. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి మా పెద్దోడు, అదే మీ మావయ్య, తన పీట మీద కుదురుగా కూర్చుని, నేను చెప్పేది వింటున్నాడు.