మావయ్యగారి ఇన్సులిన్

మంగళవారం, పంజాగుట్ట

అమీర్‌పేట కోచింగ్‌లో ఇవాళ బయోటెక్నాలజీ మొదలుపెట్టాను. ఒకప్పుడు ఇన్సులిన్ పశువుల నుంచి తీసేవారనీ, ఇప్పుడు మనిషి జన్యువును బ్యాక్టీరియాలో పెట్టి దానిచేతే తయారుచేయిస్తున్నారనీ గొంతు పోయేలా చెప్పాను. సగంమంది ఫోన్లలోనే ఉన్నారు. ఒకడు మాత్రం చెయ్యెత్తి, "మేడమ్, గిది ఎగ్జామ్‌ల వస్తదా?" అన్నాడు.

కోడలి పాఠాలంటే మావయ్యగారికి సరదా. భోజనానికి కూర్చుంటూ, "ఏమ్మా, ఇవాళేం చెప్పావ్?" అన్నారు. ఉత్సాహంగా అంతా చెప్పాను. అదే కొంప ముంచింది. ఏళ్ల తరబడి తీసుకుంటున్న ఇన్సులిన్ సూదిని పక్కకు తోసేశారు.

"మనిషిదీ పురుగుదీ కలిపారా? ఛీ, నాకొద్దు."

సూదిలో ఉండేది శుద్ధిచేసిన ఇన్సులినే, పురుగు కాదని ఎంత చెప్పినా వినరే!

"పెరుగులో మాత్రం బ్యాక్టీరియా ఉండదా, మావయ్యగారూ?"

"అది మనింట్లో తోడుపెట్టిందమ్మా," అంటూ పెరుగన్నం కలుపుకున్నారు.

సూది ఇంకా బల్ల మీదే ఉంది. పొద్దున్నకి షుగర్ ఎంతకు పోతుందో... ఒళ్లు మండిపోతోంది, కానీ ఎవరిని అనను? ఇవాళ నా పాఠం శ్రద్ధగా విన్నది ఆయనొక్కరే.