జాబితాలో నా పేరు

రాష్ట్ర ఆరోగ్యశాఖ అధికారి గారికి,

గర్భస్రావం చేయడానికి మనస్సాక్షి ఒప్పుకోదని రాసిచ్చిన డాక్టర్ల జాబితాలోంచి నా పేరు తీసేయమని కోరుతున్నాను.

ఆ సంతకం నేను ఆసుపత్రిలో చేయలేదు. మరియమ్మ ఊరేగింపు రోజున, పల్లకీ మోసే వంతు నాకొచ్చినప్పుడు, చర్చి మెట్ల మీద చేశాను. "సంతకం పెట్టనివాళ్ళ భుజం మీద అమ్మ కూర్చోదు డాక్టరమ్మా" అంది రొట్టెల కొట్టు ఎలోయిసా. అందరూ నవ్వారు. నేనూ నవ్వి పెట్టేశాను.

పోయిన మంగళవారం ఎడువినా అనే మేకల కాపరి వచ్చింది. నలుగురు పిల్లల తల్లి. ఇప్పుడు పన్నెండో వారం. చట్టం పద్నాలుగో వారం దాకా ఒప్పుకుంటుంది. నా పేరు ఆ జాబితాలో ఉంది, ఈ కొండల్లో వేరే డాక్టరు లేరు కాబట్టి సాల్టా నగరంలోని పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాను. ఆమె దాన్ని బల్ల మీదే వదిలేసింది.

"బస్సు డ్రైవరు మా మరిదేనమ్మా. నేను దిగేలోపే ఊరంతా తెలిసిపోతుంది. నిజంగానే మీ మనసు ఒప్పుకోదా? ఆ మాట చెప్పండి, పోతాను."

నిజంగా ఒప్పుకోని డాక్టర్లున్నారు, వాళ్ళంటే నాకు గౌరవమే. నేను వాళ్ళలో లేను. సంతకం అడిగినవాళ్ళెవరూ నా మనసు సంగతి అడగలేదు. మొదట అడిగింది ఎడువినాయే.

ఇకమీదట పల్లకీ నాకివ్వరు. మా అమ్మ మోసిన పల్లకీ అది. బాధగానే ఉంటుంది.

సోమవారం మా దగ్గర టీకాల రోజు. ఆడవాళ్ళంతా వస్తారు, ఎవరెందుకొచ్చారని ఎవరూ అడగరు. ఎడువినాను ఆ రోజే రమ్మన్నాను. మీ జవాబు ఆలోగా వస్తే మంచిది. రాకపోయినా ఆమెను తిప్పి పంపను.