ఆది జాకెట్టు

అమ్మాయిల హాస్టలు,
ఆదివారం

దర్జీ వదినకు,

నేను కులాసా. నువ్వూ కులాసాగానే ఉండి ఉంటావు, నీ జాకెట్లు నువ్వే కుట్టుకుంటావు కనక. నాకే ఆ భాగ్యం పోయింది.

ఈ వార్డెను ఉద్యోగంలో చేరి ఐదు వారాలైంది. గదికి కిటికీ ఉంది. పిల్లలు ఇరవై రెండు మంది, మాట వింటారు. వచ్చే నెల హాస్టలు వార్షికోత్సవంలో నన్ను మాట్లాడమన్నారు. "ముప్పై ఏళ్ళుగా మారని కొలత" అని విషయం నేనే చెప్పాను. పెళ్ళినాటి జాకెట్టునే ఇప్పటికీ ఆదికి ఇచ్చే ఆడది నేను కాక ఇంకెవరున్నారు చెప్పు?

ఇంతకీ సంగతేమిటంటే, వీధి చివర దర్జీకి కొత్త గుడ్డా, ఆ ఆది జాకెట్టూ ఇచ్చాను. అతను టేపు తీయబోయాడు. "నా ఒంటి మీద టేపు పడనివ్వను నాయనా, దీన్ని చూసి కుట్టు" అన్నాను. కుట్టి తెచ్చాడు. వదినా, మోచెయ్యి దాటలేదు! పిల్లలిద్దరు చెరో పక్కా పట్టి లాగితేగానీ ఊడి రాలేదు. అడిగితే "ఆదికి నూలుపోగు తేడా లేదండీ" అంటాడు. నువ్వు కుట్టినవన్నీ ఇప్పటికీ అతికినట్టు సరిపోతున్నాయే! ఈ గుడ్డదొంగకి ఎలా బుద్ధి చెప్పాలో వెంటనే రాయి.

ఇట్లు,
నీ ముప్పై రెండంగుళాల వదిన

తా.క. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. చేతులు రెండూ సమానంగా కుట్టాడు.


కుట్టుకొట్టు,
బుధవారం

వార్డెను వదినకు,

నేను బాగానే ఉన్నాను, నీ ఉత్తరం చదివేదాకా ఇంకా బాగున్నాను.

పాపం, ఆ దర్జీని ఏమీ అనకు. తప్పంతా ఆ ఊరి నీళ్ళది. కొన్ని నీళ్ళకి కొత్త గుడ్డ ముడుచుకుపోతుంది. పాతవి సరిపోతున్నాయంటావా, అవి ఒంటికి అలవాటుపడి నీతోపాటే సాగుతాయి. గుడ్డ రెండు రోజులు నానబెట్టి ఇవ్వు. ఇంకో మాట. ఆ పెళ్ళినాటి జాకెట్టు పాతబడిపోయింది కదా, పెట్టెలో దాచుకో. ఈమధ్య నేను కుట్టినది ఏదైనా ఆదికి ఇవ్వు. ఎందుకని అడగకు.

నువ్వు వెళ్ళాక సాయంత్రాలు కొట్టు బోసిపోయింది. దానికి తోడు సూదుల బెజ్జాలు చిన్నవి చేసేశారు. ఒక్క దారం ఎక్కించడానికి పూట గడుస్తోంది. కళ్ళజోడు కొనుక్కోమని మా కోడలి గోల. కళ్ళజోడు ముసలివాళ్ళకి గానీ నాకెందుకు?

ఇట్లు,
నీ దర్జీ వదిన

తా.క. చేతులు సమానంగా కుట్టడం కూడా ఒక గొప్పేనా? ముప్పై ఏళ్ళుగా నేను చేస్తున్నదేమిటి మరి?

మళ్ళీ తా.క. నీ అక్షరాలు చీమల్లా ఉన్నాయి. కాస్త పెద్దగా రాయకూడదూ?


అమ్మాయిల హాస్టలు,
శనివారం

దర్జీ వదినకు,

నేను కులాసాగా లేను.

ఆది మార్చమంటావా? ఇంకేమన్నా సరే కానీ ఆ మాట అనకు. గుడ్డ మూడు రోజులు నానబెట్టాను. ఆ ఆదికే కుట్టాడు. ఈసారీ మోచెయ్యి దగ్గరే ఆగింది. అతనికి విసుగొచ్చి, నేను వద్దంటున్నా చుట్టూ టేపు వేసి పైకి చదివాడు. నలభై రెండు! వాడి టేపు కూడా ఆ నీళ్ళల్లోనే తడిసిందనుకుని స్కూలు స్కేలు తెప్పించి పక్కన పెట్టాను. టేపు సరిగ్గానే ఉంది.

అప్పుడు నీ మాట గుర్తొచ్చింది, పాతవి ఒంటితోపాటే సాగుతాయని. అంటే ఇక్కడికొచ్చిన ఈ ఐదారు వారాల్లోనే నేను పది అంగుళాలు ఉబ్బానన్నమాట! ఇది లావెక్కడం కాదు వదినా, ఏదో పెద్ద జబ్బు. సోమవారం డాక్టరు దగ్గరికి వెళుతున్నాను. ఈలోగా రాత్రి భోజనం మానేశాను. పిల్లలు కూడా నన్ను చూసి మానేస్తున్నారు. ఎంత క్రమశిక్షణో!

ఇట్లు,
ఉబ్బిన వదిన

తా.క. అక్షరాలు పెద్దవే రాశాను. అవి కూడా ఉబ్బాయా?


కార్డు,
సోమవారం

వదినా,

డాక్టరు దగ్గరికి వెళ్ళకు. ఆయన చేసేదేమీ లేదు. నీకు ఏది తినాలనిపిస్తే అది కడుపు నిండా తిను. మిగతాది మనం కలిసినప్పుడు చెబుతాను, ఉత్తరంలో రాసేది కాదు.

నీ వదిన


అమ్మాయిల హాస్టలు,
శుక్రవారం

ప్రియమైన వదినకు,

నీ కార్డు అందింది. అర్థమైంది.

డాక్టరు చేసేదేమీ లేదు, తినాలనిపించింది తినమని ఎవరితో అంటారో నాకు తెలియదా? మా మేనత్తకి చివరి నెలలో ఇదే మాట చెప్పారు. అయినా నీ కార్డు వచ్చేలోపే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆరు వారాల్లో పది అంగుళాలు అనగానే ఆయన పెన్ను కింద పడేసుకున్నాడు. రక్తం తీశాడు, గుండె విన్నాడు, నాలుక చూశాడు, చివరికి "మీరు నిక్షేపంలా ఉన్నారమ్మా" అని నవ్వాడు. నువ్వూ ఆయనా కలిసి దాస్తున్నారు.

సరే, బెంగపడను. నా గొడుగు వంటామెకి, గడియారం మా వారికి. పెళ్ళినాటి జాకెట్టు నీకు. ముప్పై ఏళ్ళు దాన్ని కళ్ళకద్దుకుని కుట్టినదానివి నువ్వే.

ఒక్క సంగతి మాత్రం మనసులో గుచ్చుకుంది. పొద్దున కసరత్తులో ఒక పిల్ల కళ్ళు తిరిగి పడిపోయింది. మూడు రోజులుగా రెండు పూటలా తినలేదట. దాని నడుము నా చెయ్యంత ఉంటుంది. ఎందుకే ఇలా అంటే, "మీలా ముప్పై ఏళ్ళు ఒక్క కొలత మీదే ఉండాలని మేడమ్" అంది. మెచ్చుకోవాలో ఏడవాలో తెలియలేదు.

ఇట్లు,
ఇంకెన్నాళ్ళో తెలియని నీ వదిన

తా.క. ఉపన్యాసం మాత్రం ఇచ్చే పోతాను.


కుట్టుకొట్టు,
ఆదివారం

వదినా,

నువ్వు చావవు! ముందు లేచి ఆ పిల్లకి అన్నం పెట్టు, నువ్వూ తిను. తిన్నాకే మిగతాది చదువు.

తిన్నావా? నీకు ఏ జబ్బూ లేదు. నువ్వు ముప్పై ఏళ్ళుగా ముప్పై రెండు కాదు. పుస్తకంలో ముప్పై రెండని రాసుకునేదాన్ని, కత్తెర మాత్రం నిన్ను చూసి వేసేదాన్ని.

పాప పుట్టిన మూడో నెలలో నువ్వు ఆ జాకెట్టు పట్టుకుని నా కొట్టుకి వచ్చావు. హుక్కు పడలేదు. "నా పని అయిపోయింది వదినా" అని బట్టల మూట మీద కూలబడి ఏడ్చావు. అప్పటికి నీకు పాతికేళ్ళు. ఆ ఏడుపు చూడడం నా వల్ల కాలేదు. "గుడ్డ ముడుచుకుంది, ఇలా ఇవ్వు" అని అంగుళం వదులు పెట్టి కొత్తది కుట్టాను. వేసుకుని అద్దంలో చూసుకుని నవ్వావు. అక్కడితో ఆగితే బాగుండేది. రెండో కాన్పుకి రెండు, కూర్చునే ఉద్యోగం వచ్చాక రెండు, మోకాలు నొప్పికి నడక మానేశాక ఇంకో రెండు, నెలసరి ఆగిన రెండేళ్ళలో మూడు. లెక్క సరిపోయిందా? ముప్పై ఏళ్ళకి పది. ఆ మాత్రం పెరగనిది ఏముంటుంది వదినా? మా ఇంటి గుమ్మం కూడా వానకి ఉబ్బుతుంది.

నిన్ను నవ్వించాననుకున్నాను. ఎవరి పిల్లో నా అబద్ధానికి పస్తుండి పడిపోయిందని చదివాక మిషను మీద కాలు ఆడలేదు. తిట్టాలనుంటే తిట్టు. మాట్లాడడం మాత్రం మానకు.

నీ తప్పుడు కొలతల వదిన

తా.క. ఆ దర్జీకి క్షమాపణ చెప్పు. వాడొక్కడే నిజం కుట్టాడు.


అమ్మాయిల హాస్టలు,
శనివారం

దొంగ వదినకు,

బతికే ఉన్నాను. ఒక పూటంతా నీ మీద మండిపడ్డాను. తర్వాత మూడు పూటలా తిన్నాను.

నిన్న భోజనాల దగ్గర నీ ఉత్తరం పిల్లలకి చదివి వినిపించాను. "రెండో కాన్పుకి రెండు" దగ్గర నవ్వడం మొదలుపెట్టినవాళ్ళు గుమ్మం ఉబ్బడం దాకా ఆపలేదు. పడిపోయిన పిల్ల రెండోసారి వడ్డించుకుంది. వార్షికోత్సవంలో విషయం మార్చాను: "ముప్పై రెండు నుంచి నలభై రెండు దాకా, దారిలో చూసినవి". ఒళ్ళు పెరిగిన సంగతి నాకు బొత్తిగా తెలియదంటే అది కూడా అబద్ధమే. మా ఇంట్లో అద్దాన్ని మెడ దాకానే కనిపించేలా మేకు కొట్టించింది నేనే.

ఇక నా వంతు. నువ్వూ ముందు ఏదైనా తిని రా.

పదకొండేళ్ళుగా నువ్వు కుట్టిన ప్రతి జాకెట్టుకీ కుడి చెయ్యి ఎడమ చెయ్యి కన్నా అంగుళం పొడుగు. ఇంటికి తెచ్చుకుని విప్పి, మడిచి, మళ్ళీ కుట్టుకునేదాన్ని. రోజూ సాయంత్రం నువ్వు మంచినీళ్ళకి లోపలికి వెళ్ళగానే అరడజను సూదులకి దారం ఎక్కించి దిండుకి గుచ్చేదాన్ని. నువ్వు వచ్చి చెయ్యి వేసి, "చూశావా, కళ్ళజోడు లేకుండానే!" అని మురిసిపోయేదానివి. ఆ మురిపెం చెడగొట్టడం నా వల్ల కాలేదు. సూదుల బెజ్జాలు ఎవరూ చిన్నవి చేయలేదు వదినా. నేను ఊరు మారానంతే.

వచ్చే ఆదివారం వస్తున్నాను. నువ్వే నాకు టేపు వేసి, అంకె వీధి వీధంతా వినపడేలా చదవాలి. కళ్ళజోడు లేకపోతే చదవలేవు కనక కొనుక్కుని కూర్చో.

ఇట్లు,
నలభై రెండంగుళాల నీ వదిన

తా.క. దర్జీకి క్షమాపణ చెప్పి కొత్త జాకెట్టు కుట్టించుకున్నాను. అన్నీ సరిపోయాయి కానీ ఏదో వెలితి. వెనక్కి తీసుకెళ్ళి, కుడి చెయ్యి అంగుళం పొడుగు పెట్టమన్నాను. నాకు నిజంగానే ఏదో జబ్బుందని ఇప్పుడతను అందరికీ చెబుతున్నాడు.